పాలు పొంగించే ముందు ఒక బకెట్ నీళ్లు పొయ్యండి

మొన్న ఆదివారం రైతుబజార్‌లో ఒకాయన పుచ్చకాయ కొంటున్నాడు. చేతిలోకి తీసుకుని తట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, పక్కన పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. అలా ఆరు కాయలు తట్టాక ఏడోది నచ్చింది. దాని ఖరీదు ఎనభై రూపాయలు.

నాకు మాత్రం మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు ఫోన్ కొనేటప్పుడు పద్నాలుగు రివ్యూ వీడియోలు చూశాడు. బ్యాటరీ ఎంత, కెమెరా ఎంత, ఏ సేల్‌లో ఎంత తగ్గుతుంది అని నెల రోజులు నా బుర్ర తిన్నాడు. అదే తమ్ముడు 62 లక్షల ఫ్లాట్‌ని ఇరవై నిమిషాల్లో ఓకే చేసేశాడు. ఆ ఇరవైలో కూడా పది నిమిషాలు ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టడానికే సరిపోయింది.

నవ్వుకోకండి. మనలో చాలామందిమి అంతే.

ఆ 62 లక్షల లెక్క కూడా చెప్తాను. బ్యాంకు లోన్ 45 లక్షలు. మా మరదలి బంగారం, వాళ్లిద్దరి సేవింగ్స్ కలిపి 5 లక్షలు. మిగతా 12 లక్షలు మా నాన్నవి. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టుకుంటే చేతికొచ్చిన డబ్బులో పెద్ద ముక్క అది.

కొత్త పెయింట్ వాసన

ఆ ఫ్లాట్ నిజాంపేట వైపు. ఐదంతస్తుల బిల్డింగ్, ఐదో అంతస్తు, రీసేల్. మేం చూసింది ఫిబ్రవరిలో. లోపలికి అడుగు పెట్టగానే కొత్త పెయింట్ వాసన. బెడ్‌రూమ్‌లో ఒక గోడకి మాత్రం ఆకుల డిజైన్ వాల్‌పేపర్. "మీ కోసమే నీట్‌గా చేయించా సార్" అన్నాడు ఓనర్. మా మరదలికి ఆ వాల్‌పేపర్ తెగ నచ్చింది.

వాస్తు చూసే ఆయన్ని తీసుకెళ్లాం. ఈశాన్యం బాగుందన్నాడు. లాయర్ కాగితాలు చూశాడు, క్లియర్ అన్నాడు. బ్యాంకు నుంచి ఒకాయన వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లాడు. లోన్ శాంక్షన్ అయింది. ఇంతమంది చూశాక ఇంక భయమేంటి? పైగా బ్రోకర్ రోజుకోసారి ఫోన్: "సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఆలస్యం చేస్తే పోతుంది."

మార్చిలో రిజిస్ట్రేషన్. ఏప్రిల్‌లో పాలు పొంగించారు. జూలైలో వాన మొదలైంది.

ముందు హాల్ సీలింగ్ మీద పళ్లెమంత మరక. తర్వాత వాల్‌పేపర్ కింది అంచు దగ్గర ఉబ్బడం మొదలైంది. తమ్ముడు ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఊడొచ్చింది. వెనకాల గోడ నల్లగా బూజు పట్టి, ముట్టుకుంటే ప్లాస్టర్ పొడిపొడిగా రాలుతోంది. ఆ గోడకి అవతల ఉన్నది బాత్‌రూమ్.

అదే వారం కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చింది. "బాబూ, మీ బాత్‌రూమ్ నీళ్లు మా బాత్‌రూమ్ సీలింగ్ నుంచి కారుతున్నాయి. పాత ఓనర్‌కి రెండేళ్ల నుంచి చెప్తూనే ఉన్నా. మీరైనా చేయిస్తారా?"

రెండేళ్ల నుంచి! అంటే ఫిబ్రవరిలో మేం ఒక్కసారి మెట్లు దిగి ఆ తలుపు కొట్టి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

రెండు బాత్‌రూములు పగలగొట్టి మళ్లీ చేయించడం, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌లో వాటా, మళ్లీ పెయింటింగ్... అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు. అది కూడా ఈఎంఐ కడుతూ. ఏడాది పాపకి దగ్గు తగ్గట్లేదని హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో గోడలు చెమ్మగా ఉన్నాయా?"

మా నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. హాల్లో కారుతున్న చోట పెట్టిన బకెట్‌ని చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. చివరికి ఒక్క మాటన్నారు. "బండి డిపోల కెళ్లి తీసే ముందు రోజూ బ్రేకు జూసుకునేటోళ్లం బిడ్డా. ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం సూడకపోతిమి."

ఈ వారం కాలమ్ ఆ మాట గురించే.

ఇంతమంది చూశారు కదా?

చూశారు. కానీ ఎవరి కోసం చూశారు? లాయర్ చూసింది కాగితాల్ని. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందా లేదా అన్నది ఆయన పని. బ్యాంకు పంపిన వాల్యూయర్ చూసింది బ్యాంకు డబ్బు భద్రమా అని. మీరు కట్టకపోతే ఈ ఫ్లాట్ అమ్మితే లోన్ వసూలవుతుందా అన్నదే ఆయన లెక్క. బాత్‌రూమ్ లీకైనా ఆ లెక్క మారదు. వాస్తు ఆయన దిక్కులు చూశాడు. బ్రోకర్ తన కమిషన్ చూసుకున్నాడు.

గోడ, స్లాబ్, పైపు, వైరు... వీటిని మన తరఫున చూసినవాళ్లు ఒక్కరూ లేరు. హోమ్ ఇన్‌స్పెక్షన్ అంటే ఆ ఖాళీ సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టడం. అంతకుమించి బ్రహ్మవిద్య ఏం కాదు.

టెక్సాస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఇల్లు కొన్నప్పుడు చెప్పింది. అక్కడ అగ్రిమెంట్ అయ్యాక కూడా కొంత ఫీజు కడితే కొన్ని రోజులు "ఆప్షన్ పీరియడ్" తీసుకోవచ్చట. ఆ రోజుల్లో రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన ఇన్‌స్పెక్టర్ వచ్చి పైకప్పు నుంచి పైపుల దాకా చూసి రిపోర్ట్ ఇస్తాడు. నచ్చకపోతే వెనక్కి తగ్గొచ్చు. మన దగ్గర ఆ అలవాటు లేదు. టోకెన్ ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే. అందుకే మన చూడటం ఏదో టోకెన్‌కి ముందే అయిపోవాలి.

బిల్డింగ్ పెద్దదైతే సరిపోదు

"పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో కొంటున్నాం, మాకెందుకు ఇదంతా?" అనేవాళ్లకి ఒక సంగతి. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఒక పెద్ద సొసైటీ టవర్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్ హాల్ ఫ్లోర్ కూలి, కింద ఫ్లాట్ల మీద పడుతూ మొదటి అంతస్తు దాకా వచ్చేసింది. ఇద్దరు మహిళలు చనిపోయారు. తర్వాత ఐఐటీ ఢిల్లీ నిపుణులు పరీక్షిస్తే కాంక్రీట్‌లో క్లోరైడ్ ఉందని, దాంతో లోపలి ఇనుము వేగంగా తుప్పు పట్టిందని తేలింది. ఆ టవర్‌ని నివాసానికి పనికిరాదన్నారు. బయట నుంచి చూస్తే క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఉన్న చోటే అది.

ఇనుముకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీట్‌ని చీలుస్తుంది. ఆ చీలికలోంచి ఇంకా నీళ్లు, గాలి వెళ్తాయి. ఇంకా తుప్పు. సీలింగ్ మీద గోధుమ రంగు గీతలు, పిల్లర్ మీద నిలువు పగులు కనబడితే "పెయింట్ వేస్తే పోతుంది" అని ఎవరన్నా నమ్మకండి.

మీరే చేసుకోగల చెకింగ్

ఇంజినీర్‌ని పిలిచే ముందు మీ అంతట మీరే సగం పని చేసుకోవచ్చు. ఒక బకెట్, ఫోన్ చార్జర్, రూపాయి బిళ్ల, టేపు, టార్చి. ఇంతే సరంజామా.

నీళ్లతో మొదలుపెట్టండి. బాత్‌రూమ్‌లో, బాల్కనీలో ఒక బకెట్ నీళ్లు పొయ్యండి. నీళ్లు నేరుగా జాలీ వైపు పోవాలి. మూలల్లో నిలబడ్డాయంటే వాలు సరిగా లేదు. మన బాత్‌రూముల్లో చాలావాటికి స్లాబ్‌ని కొంచెం కిందికి దించి, ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటే నీళ్లు ఆ గుంతలో చేరి మెల్లగా పక్క గోడల్లోకి పాకుతాయి. అందుకే బాత్‌రూమ్‌ని ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ అడుగుభాగం చూడండి. పెయింట్ పొక్కులు, తెల్లటి ఉప్పు పొడి, ముట్టుకుంటే చల్లగా తడి తగలడం ఇవన్నీ గుర్తులే. ఒకే ఒక్క గోడకి వాల్‌పేపర్ ఉంటే "దీని వెనక ఏముంది?" అని అడగండి. గోడకి ఆనించి బీరువా పెట్టి ఉంటే జరపమనండి.

తర్వాత కింది ఫ్లాట్ తలుపు కొట్టండి. మీ బాత్‌రూమ్ అసలు జాతకం వాళ్ల బాత్‌రూమ్ సీలింగ్ మీద రాసి ఉంటుంది. టాప్ ఫ్లోర్ అయితే టెర్రస్ ఎక్కండి. నీళ్లు నిలిచిన మరకలు, పగిలిన ప్లాస్టరింగ్, ట్యాంక్ లీకేజీ చూడండి. వీలైతే ఒక మంచి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. ఫిబ్రవరిలో ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది.

ఇక పగుళ్లు. ప్లాస్టర్ మీద వెంట్రుకలాంటి సన్నటి గీతలు చాలా ఇళ్లలో ఉంటాయి, వాటికి కంగారు అక్కర్లేదు. రూపాయి బిళ్ల అంచు దూరేంత పగులు, కిటికీ మూల నుంచి ఐమూలగా పైకి పాకిన పగులు, గోడకి రెండు వైపులా ఒకే చోట కనబడే పగులు... వీటిని ఇంజినీర్‌కి చూపించాల్సిందే. బీమ్ మీదో పిల్లర్ మీదో అయితే మరీ ముఖ్యం. కాబట్టి పార్కింగ్‌లోకి దిగి పిల్లర్లు చూడండి. ఇంట్లో పెయింట్ వేస్తారు కానీ కింద పిల్లర్లకి ఎవరూ మేకప్ వెయ్యరు.

టైల్స్ దగ్గర మన పుచ్చకాయ విద్య పనికొస్తుంది. రూపాయి బిళ్లతో తట్టండి. గట్టి శబ్దం వస్తే కింద సిమెంట్ నిండుగా ఉన్నట్టు. డొల్ల శబ్దం వస్తే ఖాళీ ఉన్నట్టు, మీరు మంచం జరిపిన రోజు అది పగులుతుంది.

కరెంటుకి మీ ఫోన్ చార్జర్ చాలు. ప్రతి సాకెట్‌లో పెట్టి చూడండి. ఎర్తింగ్ ఉందో లేదో చూపించే ప్లగ్ టెస్టర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మెయిన్ బోర్డులో షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉందా చూడండి. దాని మీద "టి" అని రాసి ఉండే టెస్ట్ బటన్ నొక్కితే ఠక్కున కరెంటు ఆగిపోవాలి. ఆగలేదంటే అది అలంకారానికే ఉన్నట్టు. గీజర్ కింద తడి చేతులతో నిలబడేది మీ ఇంట్లో వాళ్లే కదా.

చివరగా వాచ్‌మన్. బ్రోకర్ గంటసేపు చెప్పనిది ఆయన ఒక్క చాయ్ మీద చెప్తాడు. మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి? లిఫ్ట్ నెలకి ఎన్నిసార్లు ఆగుతుంది? 2020 అక్టోబర్ వానలకి సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయా? ఈ మూడూ అడగండి.

కాగితాల ఇన్‌స్పెక్షన్ కూడా ఇన్‌స్పెక్షనే

లాయర్ చూసినా మీరూ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం అది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డింగ్‌లో కొంత భాగాన్ని మున్సిపాలిటీ తన దగ్గర తనఖాగా పెట్టుకునే పద్ధతి మన దగ్గర ఉంది. మీరు కొనే ఫ్లాట్ అందులో ఉందేమో కనుక్కోండి. ప్లాన్‌లో నాలుగంతస్తులే ఉండి మీరు కొనేది ఐదో అంతస్తు అయితే ఇంక చెప్పేదేముంది!

రెండోది చెరువు. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఇంటింటికీ తెలిశాయి. బుల్డోజర్ వచ్చాక తెలుసుకోవడం కాదు, కొనేముందు చెరువుల మ్యాపులు చూడండి. హెచ్‌ఎండీఏ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది.

మూడోది కొలత. బ్రోషర్‌లో 1250 ఎస్‌ఎఫ్‌టీ అంటే అందులో మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటాయి. రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా అంటే లోపలి గోడలతో కలిపి మీరు నిజంగా వాడుకునే చోటు. బయటి గోడలు, బాల్కనీ అందులో రావు. టేపు పట్టుకుని కొలవండి. సేల్ డీడ్‌లో మీ వాటా స్థలం ఎన్ని గజాలో కూడా చూసుకోండి. రేపు బిల్డింగ్ పాతబడ్డాక మిగిలేది ఆ గజాలే.

కొత్త ఫ్లాట్ అయితే

2016 రెరా చట్టంలో మనకి పనికొచ్చే సెక్షన్ ఒకటుంది, 14(3). పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో, నాణ్యతలో గానీ లోపం బయటపడి మీరు బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగు చేయించాలి. చేయకపోతే పరిహారం అడిగే హక్కు మీది. తెలంగాణకీ ఆంధ్రప్రదేశ్‌కీ వేర్వేరు రెరాలున్నాయి, ఫిర్యాదు అక్కడ ఇవ్వొచ్చు. ప్రాజెక్ట్ రెరాలో రిజిస్టర్ అయిందో లేదో వాళ్ల వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. ఇంకోటి, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు.

కానీ గుర్తుంచుకోండి, ఇదంతా బిల్డర్‌ని పట్టుకునే తాడు. మా తమ్ముడిలా పాత ఓనర్ దగ్గర కొంటే ఆయన్ని ఈ తాడుతో కట్టలేరు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆయన ఫోన్ ఎత్తడమే గొప్ప. మా వాళ్లకి రెండుసార్లు ఎత్తాడు, మూడోసారి నుంచి స్విచ్డ్ ఆఫ్.

తాళాలు ఇచ్చేటప్పుడు బిల్డర్ ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. "అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి" అని ఉంటుంది. స్వీట్ బాక్స్ పక్కన పెట్టి మరీ ఇస్తారు. ముందు ఫ్లాట్ మొత్తం తిరిగి లోపాల లిస్టు రాయండి, ఫొటోలు తీయండి, మెయిల్ పెట్టండి. సంతకం ఆ తర్వాత.

మొహమాటం ఖరీదు

పోయినేడు నేను కొనుక్కునే వంతు వచ్చింది. ఈసారి వాస్తు ఆయనతో పాటు ఒక సివిల్ ఇంజినీర్‌ని, మా ఊరి మేస్త్రీ కాకని కూడా వెంటబెట్టుకెళ్లా. మొదట చూసిన ఫ్లాట్ మా ఆవిడకి ప్రాణం. తను ముచ్చటపడుతోందని నేనూ తొందరపడి 25 వేలు టోకెన్ ఇచ్చేశా. ఇంజినీర్ పార్కింగ్‌లో రెండు పిల్లర్ల దగ్గర ఆగిపోయాడు. నిలువునా పగుళ్లు, పక్కనే తుప్పు మరక. మేస్త్రీ కాక అయితే సుత్తి వెనక భాగంతో మెల్లగా తట్టి, "కొడుకా, లోపల ఇనుము ఉబ్బింది. నీ ఇష్టం" అన్నాడు.

టోకెన్ వెనక్కి రాలేదు. మా ఆవిడ వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అయినా వదిలేశాం.

తర్వాత కొన్నది కొత్త ఫ్లాట్. అందులోనూ 43 లోపాలు తేలాయి. బాత్‌రూమ్ జాలీలు మూసి నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచితే కింద ఫ్లాట్‌లో చెమ్మ కనబడింది. అన్నీ రాసిచ్చాం. ఐదు వారాలు పట్టింది సరిచేయడానికి. ఇంజినీర్‌కి రెండు ఫ్లాట్లకీ కలిపి ఇచ్చింది 14 వేలు. అక్కడ మా తమ్ముడు పెట్టింది 3 లక్షల 40 వేలు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ అంటే గ్యారంటీ కార్డు కాదు. గోడ లోపల దాగిన పైపుని ఎవరూ చూడలేరు. మన దగ్గర ఈ పేరుతో బోర్డు పెట్టుకున్నవాళ్లంతా నిపుణులూ కాదు. కాబట్టి పిలిచే ముందు వాళ్ల చదువు, పాత రిపోర్ట్ ఒకటి అడిగి చూడండి. బిల్డర్ చెప్పిన మనిషిని, బ్రోకర్ తెచ్చిన మనిషిని మాత్రం పెట్టుకోకండి.

ఇంత చెప్పినా చాలామంది చెయ్యరు. ఎందుకంటే డబ్బు కాదు సమస్య, మొహమాటం. "బీరువా జరపమంటే ఏమనుకుంటారో", "కిందింటి తలుపు కొడితే బాగుంటుందా", "ఇంజినీర్‌ని తెస్తానంటే ఓనర్ ఫీలవుతాడేమో". ఫీలవ్వనీయండి. ఇల్లు బాగున్నవాడు "రండి, చూసుకోండి" అంటాడు. చూడనివ్వనంటే అదే మీ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్. ఒక్క పేజీలో వచ్చేసినట్టు.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు మనం కట్టట్లేదు, కట్టింది కొంటున్నాం. కాబట్టి కొనకముందే చూడాలి.

మా తమ్ముడి ఇల్లు ఇప్పుడు బాగానే ఉంది. పాప దగ్గు తగ్గింది. మా గృహప్రవేశం రోజు మా ఆవిడ పాలు పొంగిస్తుంటే అందరూ వంటింట్లోనే ఉన్నారు, నాన్న తప్ప. ఎక్కడున్నారా అని వెతికితే బాత్‌రూమ్‌లో ఉన్నారు. పంచె పైకి మడిచి, బకెట్‌తో నీళ్లు పోసి, అవి జాలీ వైపు పోతుంటే వంగి చూస్తున్నారు.

నన్ను చూసి బకెట్ కింద పెట్టి, "బ్రేకు మంచిగనే పడ్తున్నది బిడ్డా" అన్నారు.